వాగుల్లోని జలకీటకాలు, ఆక్సిజన్ కొరత

వాగులు, ఏర్లు, కొండకాలువల అడుగున రాళ్లను, ఆకుచెత్తను, ఇసుకను అంటిపెట్టుకుని జీవించే కీటకాలకు నీటిలో కరిగి ఉన్న ఆక్సిజన్ చాలినంత అందని స్థితిని ఆక్సిజన్ కొరత అంటారు. ఈ స్థితి వాటి శ్వాసను, పెరుగుదలను, రెక్కలు వచ్చే దశను, చివరికి ఏ వాగులో ఏ జాతి నిలుస్తుందన్న విషయాన్ని నిర్ణయిస్తుంది. తమిళనాడులోని ఆలంగాయం, గుడియాత్తం, వేలూరు ప్రాంతంలో జవాది కొండల వాగులు ఒక పక్కన, తోళ్ల పరిశ్రమ మురుగు మోసిన పాలారు మరో పక్కన ఉన్నాయి. ఆక్సిజన్ సహజంగా తగ్గే తీరును, మనిషి చేతల వల్ల తగ్గే తీరును ఇక్కడ కొద్ది మైళ్ల దూరంలోనే పోల్చి చూడవచ్చు.

నిర్వచనం, కొలమానం

కరిగిన ఆక్సిజన్‌ను లీటరు నీటికి ఇన్ని మిల్లీగ్రాములని గానీ, ఆ ఉష్ణోగ్రత వద్ద నీరు పట్టగలిగిన గరిష్ఠ పరిమాణంలో ఇంత శాతమని గానీ చెబుతారు. గరిష్ఠ పరిమాణం స్థిరంగా ఉండదు. సముద్రమట్టం వద్ద మంచినీరు 0 డిగ్రీల సెల్సియస్‌లో 14.6, 20 డిగ్రీల వద్ద 9.1, 30 డిగ్రీల వద్ద 7.6 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టగలదు. ఎత్తు పెరిగి గాలి పీడనం తగ్గిన కొద్దీ ఈ అంకెలు దిగుతాయి. ఆలంగాయం దగ్గరి కావలూరులో, వేణు బప్పు వేధశాల ఉన్న 725 మీటర్ల ఎత్తున, తగ్గుదల సుమారు 8 శాతం. నీటిలో ఉప్పు పెరిగినా ఆక్సిజన్ తక్కువగానే కరుగుతుంది.

సముద్ర అధ్యయనాల్లో లీటరుకు 2 మిల్లీగ్రాముల కంటే తగ్గితే కొరత అనడం పరిపాటి. వాగు కీటకాలకు ఈ గీత పనికిరాదు. చల్లని జోరునీటి కీటకం 5 మిల్లీగ్రాముల వద్దే ఇబ్బంది పడవచ్చు. బురదలోని ఎర్ర పురుగు అసలు ఆక్సిజన్ లేకుండానే కొన్ని రోజులు గడపగలదు. అందువల్ల కొరత అనే మాటను ఫలానా జీవికి, ఫలానా ఉష్ణోగ్రత వద్ద, ఫలానా ప్రవాహంలో అని కలిపి చెప్పవలసి ఉంటుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1986లో ప్రకటించిన ప్రమాణపత్రం ఈ తేడాను కొంత గుర్తించింది. అకశేరుకాల ఉత్పాదకతకు లోటు రాని మట్టం 8 మిల్లీగ్రాములు, ఓ మోస్తరు లోటు కనిపించే మట్టం 5, మరణాలను నివారించే హద్దు 4 అని అది నిర్ణయించింది. ఈ అంకెలు ఎక్కువగా సమశీతోష్ణ జాతులపై జరిగిన పరీక్షల నుంచి వచ్చినవి. 27 డిగ్రీలు దాటితే నిండుగా ఆక్సిజన్ ఉన్న నీటిలోనూ 8 మిల్లీగ్రాములు నిలవడం కష్టమయ్యే దక్షిణ భారతంలో వాటిని యథాతథంగా వాడలేరు.

అధ్యయన చరిత్ర

హంగరీ రసాయన శాస్త్రజ్ఞుడు లాయోష్ వింక్లర్ 1888లో ప్రకటించిన అయొడిన్ టైట్రేషన్ పద్ధతితో నీటి ఆక్సిజన్‌ను నమ్మకంగా కొలవడం సాధ్యమైంది. జర్మనీలో కోల్క్‌విట్జ్, మార్సన్ 1908, 1909 సంవత్సరాల్లో మురుగును తట్టుకునే మొక్కలను, జంతువులను వర్గీకరించి, జీవుల ఉనికినిబట్టి నీటి నాణ్యత చెప్పే సంప్రదాయానికి పునాది వేశారు. నీటి పురుగులు వెంట తీసుకుపోయే గాలిబుడగ ఎలా పనిచేస్తుందో ఎగె 1915లో ప్రయోగాలతో చూపాడు. కీటకాల వాయునాళాల్లో ఆక్సిజన్ ప్రధానంగా విసరణ ద్వారానే చేరగలదని ఆగస్ట్ క్రోగ్ 1920లో లెక్కగట్టాడు. మురుగు కలిసిన చోటి నుంచి దిగువకు ఆక్సిజన్ పడిపోయి మళ్లీ కోలుకునే వక్రరేఖను ఒహాయో నది అధ్యయనంలో స్ట్రీటర్, ఫెల్ప్స్ 1925లో సమీకరణంగా మలిచారు. 1959లో స్విట్జర్లాండ్‌కు చెందిన ఆంబ్యూల్ ప్రవాహ వేగానికీ కీటకాల ఆక్సిజన్ అవసరానికీ ఉన్న లంకెను వెలికి తీశాడు.

భారతదేశంలో తూనీగలపై ఫ్రేజర్ రాసిన మూడు సంపుటాలు 1933, 1934, 1936 సంవత్సరాల్లో వెలువడ్డాయి. దక్షిణ భారత వాగుల మేఫ్లైల వర్గీకరణకు, జీవావరణ అధ్యయనానికి మదురైలోని త్యాగరాజర్ కాలేజీ కేంద్రంగా నిలిచింది. ఆ కృషిలో ఎక్కువ భాగం పడమటి కనుమలదే. జవాది, ఏలగిరి వంటి తూర్పు కనుమల పొడి కొండల వాగులకు అంత శ్రద్ధ దక్కలేదు.

ఆలంగాయం ప్రాంతపు నీటివ్యవస్థ

ఆలంగాయం జవాది కొండల వాయవ్య పాదాన ఉన్న పట్టణ పంచాయతీ. 2019లో వేలూరు జిల్లాను విడదీసినప్పుడు తిరుపత్తూరు జిల్లాలోకి వచ్చింది. కర్ణాటకలోని నంది కొండల దగ్గర పుట్టిన పాలారు చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలో 33 కిలోమీటర్లు పారి తమిళనాడులో ప్రవేశిస్తుంది. వాణియంబాడి, ఆంబూరు, వేలూరు మీదుగా సముద్రానికి పోతుంది. పలమనేరు వైపు నుంచి దిగే కౌండిన్య నది మోర్దానా ఆనకట్ట దాటి గుడియాత్తం గుండా వచ్చి పాలారులో కలుస్తుంది. జవాది కొండల్లో పుట్టే చెయ్యారు కూడా దాని ఉపనదే. నైరుతి, ఈశాన్య రుతుపవనాలు రెండూ వాన ఇచ్చినా ఈ వాగుల్లో చాలావరకు ఏడాది పొడవునా పారవు. ఫిబ్రవరి నుంచి మే వరకు అవి మడుగుల గొలుసుగా తెగిపోతాయి. ఈ ప్రాంతంలో ఆక్సిజన్ కొరతను అర్థం చేసుకోవడానికి తొలి ఆధారం ఈ తెగిపోవడమే.

నీటిలో ఆక్సిజన్ రాకపోకలు

నీటికి ఆక్సిజన్ రెండు దారుల్లో అందుతుంది. మొదటిది గాలి. రాళ్ల మీద దూకి నురగలెత్తే చోట గాలి వేగంగా కరుగుతుంది. అందువల్ల పారుతున్న కొండవాగు నీటిలో ఆక్సిజన్ దాదాపు నిండుగా ఉంటుంది. రెండోది పగటివేళ నాచు, నీటిమొక్కల కిరణజన్య సంయోగక్రియ. ఖర్చు మాత్రం రాత్రింబవళ్లు సాగుతుంది. కుళ్లే ఆకులు, మురుగు, వాటిని తినే బ్యాక్టీరియా, రాత్రిపూట అదే నాచు, అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి.

పచ్చగా నాచు పట్టిన మడుగులో మధ్యాహ్నం ఆక్సిజన్ వంద శాతం దాటి కనిపించి, తెల్లవారుజామున అడుగంటవచ్చు. పదకొండు గంటలకు సీసా నింపి తెచ్చిన నమూనా ఆ మడుగు గురించి చెప్పేది సగం అబద్ధమే. కీటకాన్ని చంపేది సగటు కాదు, సూర్యోదయానికి ముందటి కనిష్ఠం.

జవాది వంటి ఆకురాల్చే అడవుల్లో ఇంకో చిక్కు ఉంది. ఆకు రాలే కాలం, వాగు చిక్కిపోయే కాలం ఒకటే. మడుగులో నీరు తగ్గుతున్నప్పుడే దాని మీద ఎండుటాకు పేరుకుని, నానుతూ, ఆక్సిజన్‌ను తినేస్తుంది. వేడి కూడా అప్పుడే పెరుగుతుంది. తొలి వాన పడి ఎండిన వాగు మళ్లీ కదిలినప్పుడు, నెలల తరబడి పోగైన చెత్త ఒక్కసారిగా నీటిలోకి వస్తుంది గనుక కొన్ని గంటలో, రోజులో ఆక్సిజన్ ఇంకా దిగుతుంది. ఇవేవీ కాలుష్యం కావు. ఈ వాగుల్లో నిలిచిన జాతులు వీటికి అలవాటు పడినవే.

శ్వాస విధానాలు

25 డిగ్రీల వద్ద లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటే లీటరు నీటిలో 8 చిల్లర మాత్రమే ఉంటుంది. పైగా ఆక్సిజన్ నీటిలో విసరించే వేగం గాలిలో కంటే దాదాపు పదివేల రెట్లు తక్కువ. నేలమీద పుట్టిన శరీర నిర్మాణంతో నీటిలోకి దిగిన కీటకాలు ఈ ఇబ్బందిని రకరకాలుగా దాటాయి. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఏది చస్తుంది, ఏది బతుకుతుంది అన్నది చాలావరకు ఈ శ్వాస విధానంలోనే తేలిపోతుంది.

చర్మశ్వాస. చిన్న లార్వాలు చాలావరకు పలుచని అవభాసిని ద్వారానే ఆక్సిజన్ తీసుకుంటాయి. శరీరం పెరిగిన కొద్దీ ఉపరితలం దామాషా తగ్గుతుంది గనుక పెద్ద లార్వాలకు ఇది చాలదు.

వాయునాళ మొప్పలు. మేఫ్లైలు, స్టోన్‌ఫ్లైలు, చాలా క్యాడిస్‌ఫ్లైల శాబకాలకు, లార్వాలకు పొట్ట పక్కనో ఛాతీ కిందనో రేకుల్లా, కుచ్చుల్లా ఉండే మొప్పలు ఉంటాయి. చేప మొప్పల్లో రక్తం పారినట్లు వీటిలో పారదు. సన్నని వాయునాళాలు అల్లుకుని ఉంటాయి. మొప్ప ఉంటే చాలదు, దాని మీది నీరు మారుతూ ఉండాలి. అలా మార్చగల శక్తి జాతిని బట్టి తేడాగా ఉంటుంది. బేటిడే కుటుంబంలోనే రెండు ప్రజాతులను తీసుకుంటే విషయం స్పష్టమవుతుంది. బేటిస్ శాబకం మొప్పలను ఆడించలేదు. ప్రవాహం ఆగితే నీటిలో ఆక్సిజన్ ఉన్నా ఊపిరాడదు. క్లోయాన్ శాబకం మొప్పలను విసనకర్రలా ఆడిస్తూ నిలవనీటి కుంటల్లో హాయిగా ఉంటుంది. ఒకే కుటుంబానికి ఒకే మార్కు వేసే సూచికలు ఇక్కడే తడబడతాయి (చూ. కొలత, సూచికలు). కీనిస్ ప్రజాతిలో రెండో మొప్ప జత మూతలా మారి వెనుకవాటిని ఒండ్రు నుంచి కాపాడుతుంది. అందువల్ల ఒండ్రు పట్టిన వాగుల్లో ఇతర మేఫ్లైలు పోయాక కూడా ఇది మిగులుతుంది.

తూనీగల మొప్పలు. పెద్ద తూనీగల శాబకం పురీషనాళంలో మొప్పలు ఉంటాయి. అది నీటిని లోపలికి పీల్చి వదులుతూ శ్వాసిస్తుంది. ఆపద వస్తే అదే నీటిని బలంగా వెనక్కి చిమ్మి ముందుకు దూకుతుంది. రెక్కలు ముడుచుకుని వాలే సన్న తూనీగల శాబకాలకు తోక చివర మూడు ఆకుల్లాంటి మొప్పలు ఉంటాయి. అవి తెగిపోయినా చర్మశ్వాసతో నెట్టుకురాగలవు గానీ ఆక్సిజన్ తగ్గినప్పుడు తేలిగ్గా ఓడిపోతాయి.

గాలిబుడగ, గాలిపొర. ఈదే పెంకు పురుగులు రెక్కపెంకుల కింద, వీపు మీద ఈదే నల్లులు పొట్ట వెంట్రుకల మధ్య గాలిని పట్టుకుని మునుగుతాయి. బుడగలో ఆక్సిజన్ తగ్గిన కొద్దీ చుట్టూ ఉన్న నీటి నుంచి కొత్తది లోపలికి వస్తుంది. నైట్రోజన్ మెల్లగా కరిగిపోయి బుడగ కుంచించుకుపోయే దాకా ఇది పనిచేస్తుంది. ఎల్మిడే కుటుంబపు జోరునీటి పెంకు పురుగులకు లక్షల సూక్ష్మరోమాల మధ్య కుంచించుకుపోని గాలిపొర ఉంటుంది. థార్ప్, క్రిస్ప్ 1947లో ఈ రకం పొరను వివరంగా అధ్యయనం చేశారు. ఆ పురుగు పైకి రానవసరమే లేదు. నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతే మాత్రం ఇదే పొర శత్రువవుతుంది. ఆక్సిజన్ పొరలోంచి నీటిలోకి ఎదురు నడుస్తుంది.

గాలిగొట్టాలు. దోమ లార్వా తోక గొట్టాన్ని, నీటితేలు వెనుక ఉన్న పొడవాటి గొట్టాన్ని, ఎలుకతోక పురుగు సాగే తోకను నీటిపైకి చాచి నేరుగా గాలి పీలుస్తాయి. వీటికి నీటిలోని ఆక్సిజన్‌తో పని లేదు.

హీమోగ్లోబిన్. కైరోనోమస్ ప్రజాతి దోమలాంటి ఈగల లార్వాలను చేపల చెరువుల వాళ్లు ఎర్ర పురుగులంటారు. ఆ ఎరుపు హీమోగ్లోబిన్‌ది. మనిషిలోలా కణాల్లో కాక అది కీటకరక్తంలో కరిగి ఉంటుంది. నీటిలో ఉన్న కొద్దిపాటి ఆక్సిజన్‌నూ పట్టి ఉంచుతుంది. అదీ లేకపోతే లార్వా దాచుకున్న గ్లైకోజన్‌ను ఇథనాల్‌గా మార్చి బయటికి వదులుతూ కొంతకాలం గడుపుతుంది.

శరీరంపై, ప్రవర్తనపై ప్రభావం

ఆక్సిజన్ తగ్గుతున్నప్పుడు మొదట మారేది ప్రవర్తన. మొప్పలు ఆడే వేగం పెరుగుతుంది. పెర్లిడే స్టోన్‌ఫ్లైలు కాళ్ల మీద లేస్తూ పడుతూ దండీలు తీసినట్లు శరీరాన్ని ఊపుతాయి. గూటి గొట్టంలో ఉండే క్యాడిస్ లార్వాలు పొట్టను అలలా కదిలిస్తూ నీటిని లాగుతాయి. రాళ్ల అడుగు నుంచి పైభాగానికి, జోరు ఎక్కువగా ఉన్న చోటికి జరుగుతాయి. పైకి వచ్చిన పురుగు చేపకు, తూనీగ శాబకానికి కనబడుతుంది. కొన్ని పట్టు వదిలి ప్రవాహంలో కొట్టుకుపోతాయి. కొరత ఒక హద్దు దాటాక ఈ ఊపులన్నీ ఆగిపోతాయి. ఊపడానికీ ఆక్సిజన్ కావాలి కదా.

కొన్ని జాతులు బయట ఆక్సిజన్ తగ్గినా తమ వినియోగాన్ని ఒక హద్దు వరకు నిలకడగా ఉంచుకుంటాయి. మరికొన్నిటిలో అది వెంటనే తగ్గుతుంది. మొదటి రకానికి ఆ హద్దు ఎక్కడన్నది ఉష్ణోగ్రతను బట్టి మారుతుంది. వెచ్చని నీటిలో ఆక్సిజన్ తక్కువ కరుగుతుందన్నది అందరూ చెప్పేదే గానీ అసలు చిక్కు అది కాదు. వేడిలో విసరణ వేగం పెరిగి ఆ లోటు కొంత పూడుతుంది. శరీరపు అవసరం మాత్రం 10 డిగ్రీలకు దాదాపు రెండింతలవుతుంది. సరఫరా దాన్ని అందుకోలేదు. స్టోన్‌ఫ్లై శాబకాలు తట్టుకునే గరిష్ఠ ఉష్ణోగ్రత నీటిలోని ఆక్సిజన్‌ను బట్టి మారుతుందని వెర్‌బెర్క్, బిల్టన్ 2011లో చూపారు. వేసవి మడుగులో వేడి, ఆక్సిజన్ కొరత రెండూ కలిసి వస్తాయి గనుక ఏది చంపిందో విడదీయడం తరచు అసాధ్యం.

ప్రాణం పోకపోయినా నష్టం ఉంటుంది. పెరుగుదల మందగిస్తుంది. కుబుసం విడిచేటప్పుడు వాయునాళాల లోపలి పొర కూడా ఊడి రావాలి. ఆ గంటలు గండంలాంటివి. లార్వా బతకగలిగిన మట్టంలో రెక్కలు రావడం విఫలమైన సందర్భాలు ప్రయోగశాలల్లో నమోదయ్యాయి. మేఫ్లై పెద్దదయ్యాక ఏమీ తినదు. గుడ్లకు కావలసినదంతా శాబక దశలో కూడబెట్టుకున్నదే. నీటిలో చిక్కిన శాబకం చిన్న తల్లి అవుతుంది, తక్కువ గుడ్లు పెడుతుంది. ఒండ్రు కింద పడిన గుడ్లకు ఆక్సిజన్ ఇంకా తక్కువ అందుతుంది.

జీవసమాజంలో మార్పు

మురుగు కలిసిన చోటి నుంచి దిగువకు నడిస్తే ఒక వరుస కనిపిస్తుంది. మొదట స్టోన్‌ఫ్లైలు, చదునైన మేఫ్లైలు, ఎక్కువ భాగం క్యాడిస్‌ఫ్లైలు మాయమవుతాయి. ఆక్సిజన్ కనిష్ఠానికి చేరిన చోట ఎర్ర పురుగులు, ట్యూబిఫెక్స్ ఎర్రలు, గాలిగొట్టం ఉన్న లార్వాలు మిగులుతాయి. జాతులు కొన్నే అయినా వాటి సంఖ్య విపరీతంగా ఉంటుంది. మరింత దిగువన కీనిస్, హైడ్రోసైకిడే వల అల్లే క్యాడిస్‌లు, తూనీగలు తిరిగి చేరతాయి. ఇలాంటి మార్పుకు కొద్ది రోజుల కొరత కూడా చాలు. 1953 వేసవి చివర ఉత్తర అమెరికాలో ఈరీ సరస్సు పడమటి భాగంలో గాలి లేని వెచ్చని రోజుల్లో అడుగునీటి ఆక్సిజన్ పడిపోయి హెక్సాజీనియా మేఫ్లై శాబకాలు కుప్పలుగా చచ్చాయి. అది సరస్సే అయినా ఈ రంగంలో తరచు చెప్పే ఉదాహరణ.

ఆక్సిజన్ కొరత వల్ల లాభపడే జీవుల్లో క్యూలెక్స్ క్విన్‌క్విఫాసియేటస్ దోమ ముఖ్యమైనది. బోదకాలు వ్యాధిని మోసే ఈ దోమ లార్వా ఆక్సిజన్ లేని మురుగులోనే బాగా పెరుగుతుంది. దాన్ని తినే తూనీగ శాబకాలు, చేపలు అక్కడ ఉండవు.

పాలారు, తోళ్ల పరిశ్రమ

వాణియంబాడి, ఆంబూరు, పేరణాంబట్టు, రాణిపేట దేశంలోని ముఖ్యమైన తోళ్ల కేంద్రాలు. పచ్చితోలు నుంచి వెంట్రుక తీయడానికి సున్నం, సోడియం సల్ఫైడ్ వాడతారు; నిల్వకు ఉప్పు, పదునుకు క్రోమియం లవణాలు వాడతారు. శుద్ధి చేయని తోళ్ల మురుగు జీవరసాయనిక ఆక్సిజన్ అవసరం లీటరుకు వెయ్యి మిల్లీగ్రాములు దాటుతుంది. ఉపరితల జలాల్లోకి వదలడానికి భారతదేశంలో సాధారణ హద్దు 30. సల్ఫైడ్ నీటిలోని ఆక్సిజన్‌తో నేరుగా కలుస్తుంది, స్వయంగా విషం కూడా.

వేలూరు సిటిజన్స్ వెల్ఫేర్ ఫోరం 1991లో వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 1996 ఆగస్టు 28న తీర్పు ఇచ్చింది. ముందుజాగ్రత్త సూత్రం, కాలుష్యకారకుడే మూల్యం చెల్లించాలన్న సూత్రం భారత చట్టంలో భాగమని అది ప్రకటించింది. తోళ్ల పరిశ్రమ ప్రాంతంలో సుమారు 35,000 హెక్టార్ల సాగుభూమి పూర్తిగానో పాక్షికంగానో పనికిరాకుండా పోయిందన్న సర్వేను ఆ తీర్పు ప్రస్తావించింది. ఉమ్మడి శుద్ధి కేంద్రాలు ఏర్పడినా సమస్య ముగియలేదు. 2025 జనవరిలో ఇదే ప్రాంతపు కాలుష్యంపై సుప్రీంకోర్టు మరో తీర్పులో నష్టపరిహారానికి, నది పునరుద్ధరణకు ఆదేశాలిచ్చింది.

ఇలాంటి నీటిలో మేఫ్లైలు లేకపోవడానికి ఆక్సిజన్ ఒక్కటే కారణమనడం సరికాదు. ఉప్పు, సల్ఫైడ్, క్రోమియం కలిసి పనిచేస్తాయి. ఊరి మురుగుతో పోలిస్తే తోళ్ల మురుగు తేడా ఇదే. శుద్ధి తరువాత ఆక్సిజన్ కోలుకున్నా ఉప్పు అలాగే ఉంటుంది గనుక కీటకాలు తిరిగి రాకపోవచ్చు.

కొలత, సూచికలు

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణలో శుద్ధి లేకుండా క్రిమిరహితం చేసి తాగదగిన నీటికి కనీసం 6, బయట స్నానానికి 5, చేపలు, వన్యప్రాణుల మనుగడకు 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలి. ఇవి సీసా కొలతలు. కీటకాల ఆధారంగా చేసే మదింపులో మండలి వాగులను శుభ్రం నుంచి తీవ్ర కాలుష్యం దాకా ఏ నుంచి ఈ వరకు ఐదు తరగతులు చేసి, నీలం నుంచి ఎరుపు దాకా రంగులు ఇచ్చింది. దీని మూలం బ్రిటన్‌లో 1976లో ఏర్పడిన కార్యవర్గం రూపొందించిన మార్కుల పద్ధతి. అందులో పెర్లిడేకు 10, హైడ్రోసైకిడేకు 5, బేటిడేకు 4, కైరోనోమిడేకు 2 మార్కులు.

ఈ పద్ధతి చవక, తేలిక; గత కొన్ని వారాల్లోని అత్యంత చెడ్డ రాత్రిని కూడా అది చెబుతుంది, మీటరు చెప్పలేదు. దక్షిణ భారత కొండవాగుల్లో స్టోన్‌ఫ్లైలు సహజంగానే తక్కువ. ఉన్నవి ఎక్కువగా పెర్లిడే కుటుంబంలోని నియోపెర్లా ప్రజాతివి. వేసవి మడుగులో అవి లేకపోవడం కాలుష్యానికి రుజువు కాదు. ఆలంగాయం వంటి చోట నమూనాలు వాగు పారుతున్న కాలంలో, రాళ్ల మీది జోరునీటి నుంచి తీసి, అదే కొండ మీది చెడిపోని వాగుతో పోల్చినప్పుడే మార్కులకు అర్థం ఉంటుంది. ఆక్సిజన్‌ను కూడా కొలిస్తే తెల్లవారకముందే కొలవాలి.

పునరాగమనం

ఆక్సిజన్ తిరిగి వచ్చాక వాగుకు కీటకాలు మూడు దారుల్లో చేరతాయి: ఎగువ నుంచి కొట్టుకువచ్చే శాబకాలు, రెక్కలతో ఎగిరివచ్చి గుడ్లుపెట్టే పెద్దవి, అడుగు ఇసుకలో తేమను పట్టుకుని మిగిలినవి. బేటిస్, దోమలాంటి ఈగలు కొన్ని వారాల్లో వస్తాయి. శాబక దశ ఎక్కువకాలం సాగే పెర్లిడే వంటివి చివర వస్తాయి. కొండ మీది నిత్యజల ఊటలు చెడకుండా ఉంటేనే మొదటి రెండు దారులు తెరిచి ఉంటాయి. మైదానంలో పాలారు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకగానే ఉంటుంది. 2021 నవంబరులో వచ్చినంతటి వరదలు అరుదు.